మూజువాణి

శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో తెలుగు పత్రికల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. 'బిల్లును సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది.' ఈ మూజువాణి ఎవరి వాణి అని తెలుగు మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఇందులో వాణి లేదు. సంస్కృతం అంతకంటే లేదు. మా ఇళ్ళల్లో మాట్లాడే ఉర్దూలోని 'ముహ్ జబానీ' తెలుగు నాలుక మీద పడి మూజువాణి అయింది. నోటిమాటగా అని దాని అర్థం. కాగితం మీద ఎక్కనిది, సంతకం లేనిది, రేపు కాదంటే రుజువు దొరకనిది.

తెలుగువాళ్ళ రాజ్యవ్యవహారానికి మా భాష చాలా మాటలిచ్చింది. హాజరు, రుజువు, దస్తావేజు, వకాల్తా, జవాబుదారీ. వీటిలో ప్రతి మాటా మనిషిని కాగితానికో సాక్షికో కట్టేసేదే. కట్టు విప్పే మాట మూజువాణి ఒక్కటే. మన చట్టసభలు అన్నిటినీ వదిలేసి దాన్నే ఎక్కువగా వాడుకుంటున్నాయి.

ఇది భాషకు సంబంధించిన చమత్కారం మాత్రమే అయితే ఇంత రాయనక్కరలేదు. మేము అడగదలుచుకున్నది ఒక నైతికమైన ప్రశ్న. మన తరఫున చట్టం చేసే మనిషి తన ఓటు ఎటు వేశాడో మనకు చెప్పాలా, వద్దా? చెబితే అది ఎవరి ఓటని చెప్పాలి? తనదనా, పార్టీదనా, మనదనా? ఈ ప్రశ్న అందరిదీ. కానీ ఈ దేశంలో ముస్లింలకు దీన్ని అడిగే హక్కు కాస్త ఎక్కువ ఉందని మా నమ్మకం. ఎందుకో చెబుతాం.

*

ఓటు బ్యాంకు అనే తిట్టు మాది. ఎన్నికలు వచ్చాయంటే ప్రతి పత్రికా, ప్రతి టీవీ మా ఓట్లు లెక్కపెడుతుంది. ఫలానా నియోజకవర్గంలో ముస్లింలు ఇంత శాతం, వీళ్ళు గంపగుత్తగా ఎటు వేస్తే అటు గెలుపు. మేము ఓటు వేయకముందే మా ఓటు ఎటు పోతుందో రాసేస్తారు. వేసిన తర్వాత ఎటు పోయిందో కూడా రాసేస్తారు.

రహస్య ఓటు కదా, ఎలా తెలుస్తుంది అని మీరు అడగవచ్చు. ఒక మనిషి ఓటు రహస్యమే. ఒక మొహల్లా ఓటు రహస్యం కాదు. ఎన్నికల లెక్కింపు అయిపోయాక ఫారం 20 అనే పట్టిక వస్తుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరసగా ఉంటుంది. ఒక కేంద్రానికి మామూలుగా వెయ్యి, పన్నెండు వందల మంది ఓటర్లు. మా వాళ్ళు ఎక్కడపడితే అక్కడ ఇళ్ళు అద్దెకు దొరికే మనుషులు కారు. ఒకే గల్లీలో, ఒకే మసీదు చుట్టూ ఉంటారు. అందుకని ఒక పోలింగ్ కేంద్రం మొత్తం మా వాళ్ళదే అవుతుంది. దళితవాడ కూడా అంతే. పట్టిక తెరిచి చూస్తే చాలు, వాడ మనసు బయటపడుతుంది. ఆ తర్వాత మురికికాలువ ఎవరి వీధికి రావాలో, నల్లా ఎవరికి ఆలస్యం కావాలో నిర్ణయించడం పెద్ద కష్టం కాదు.

ఇది మా ఊహ కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో సుల్తాన్‌పూర్ అభ్యర్థి మేనకా గాంధీ ముస్లిం ఓటర్ల ఎదుటే ఆ మాట అన్నారు. మీ ఓట్లు లేకుండా గెలిస్తే, రేపు మీరు పనులకోసం వచ్చినప్పుడు నా మనసు ఒప్పుకోదు అన్న అర్థంలో మాట్లాడారు. ఎన్నికల కమిషన్ ఆమెను 48 గంటలు ప్రచారం చేయకుండా ఆపింది. ఆమె పైకి అన్నారు కాబట్టి తెలిసింది. అనకుండా చేసేవాళ్ళ మీద ఏ కమిషన్ చర్య తీసుకుంటుంది?

బ్యాలెట్ కాగితాల కాలంలో, భయం ఉందనుకున్న చోట, పెట్టెల్లోని కాగితాలన్నీ కలిపేసి లెక్కపెట్టే నిబంధన ఉండేది. యంత్రాలు వచ్చాక ఆ కలపడం పోయింది. కొన్ని యంత్రాల ఓట్లను ఒకేసారి కలిపి చూపే టోటలైజర్ అనే పరికరం వాడదామని ఎన్నికల కమిషన్ 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో అదే సిఫారసు చేసింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇప్పుడు రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. బీడీలు చుట్టుకునే మనిషి, పంక్చర్లు వేసుకునే మనిషి, పరుపులు కుట్టే దూదేకుల మనిషి. వీళ్ళు వేసిన ఓటు వాడవాడలా పట్టికలో ఉంటుంది. వాళ్ళ ఓట్లతో సభకు వెళ్ళిన పెద్దమనిషి తన ఓటును నోటితో అరిచి కూర్చుంటాడు. అది ఏ పట్టికలోనూ ఉండదు. బలహీనుడి ఓటుకు రహస్యం కావాలి, బలవంతుడి ఓటుకు వెలుగు కావాలి. ప్రజాస్వామ్యంలో నీతి అంటే ఇంతే. మన దగ్గర అది తలకిందులుగా నిలబడింది.

*

సభలో జరిగేది ఇది. బిల్లు మీద చర్చ అవుతుంది. ఒక్కోసారి అదీ కాదు. సభాపతి అనుకూలురను అవునని, వ్యతిరేకులను కాదని అనమంటాడు. ఎటు గొంతు ఎక్కువగా వినిపించిందో ఆయనే తేలుస్తాడు. ఎవరైనా పట్టుబడితే డివిజన్ జరగాలి, అంటే ఓట్లు విడదీసి లెక్కించాలి. రాజ్యాంగం 189వ అధికరణం కోరేది హాజరై ఓటు వేసిన సభ్యుల్లో మెజారిటీ. ఆ మెజారిటీని చెవితో కొలవవచ్చునని మన సభలు అలవాటు చేసుకున్నాయి.

చిన్న విషయాలకైతే సరే. తెలుగువాళ్ళ జీవితాలను మార్చిన పెద్ద విషయం ఒకటి తీసుకుందాం. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. మూజువాణి ఓటుతో. అదే బిల్లును ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించింది. అదీ మూజువాణి ఓటుతోనే. ఆ వేళ టీవీ ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. విభజన కావాలన్నవాళ్ళూ, వద్దన్నవాళ్ళూ, ఇద్దరూ తమ మనిషి ఆ రోజు ఏం చేశాడో కాగితం మీద చూసుకోలేకపోయారు. తెలంగాణ న్యాయమైన కోరిక అని మాలో చాలామంది నమ్మారు. న్యాయమైన కోరిక తీరేటప్పుడైనా పేర్లు రాసుకోవద్దా? చరిత్ర అడిగితే ఏం చూపిస్తాం, గొంతు చూపిస్తామా?

లెక్క రాసుకున్న ఓటు కథ కూడా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో వచ్చింది. 1985లో పోయింది. 2007లో మళ్ళీ వచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను మండలి ఆపింది. కొద్ది రోజుల్లో, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. అనుకూలం 133, వ్యతిరేకం సున్నా. ప్రతిపక్షం సభలో లేదు. 2021 నవంబరులో అదే శాసనసభ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఈ రెండు తేదీల మధ్య మండలిలో అధికార పార్టీ బలం పెరిగింది. మండలి ప్రజలకు అవసరమా కాదా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఎటూ తేలలేదు.

ఆ బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపాలని నిర్ణయించిన మండలి ఛైర్మన్ పేరు మహమ్మద్ అహ్మద్ షరీఫ్. ఇక్కడ మా వాళ్ళకొక పరీక్ష ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నది మనవాడు కాబట్టి ఆయన చేసింది ఒప్పు అంటే అది న్యాయం కాదు. ఎదుటి పార్టీ అభిమానులం కాబట్టి ఆయన చేసింది తప్పు అన్నా న్యాయం కాదు. నిబంధన ఏం చెబుతుంది, ఆయన దానిలోపల నడిచాడా, దాటాడా? అడగవలసింది అది. ఇంకో మాట కూడా ఉంది. మాకు అసెంబ్లీ టికెట్ ఇవ్వలేని పార్టీలన్నీ 'ఎమ్మెల్సీ ఇస్తాం భాయ్' అని ఓదారుస్తాయి. ఆ ఓదార్పు సీటు ఉన్న ఇంటినే ఒక పూటలో కూల్చమని, మరో పూటలో నిలబెట్టమని అదే సభ తీర్మానించింది. ఇందులో మా నష్టం ఎంత, లాభం ఎంత అని ఏ ముస్లిం సంఘమైనా సభ పెట్టి చర్చించిందా? ఆ 133 మందిలో తన సభ్యుడిని పిలిచి ఎందుకు అవునన్నావు, తర్వాత ఎందుకు కాదన్నావు అని ఏ జమాతైనా అడిగిందా?

*

అడగకపోవడానికి ఒక కారణం ఉంది. ముస్లింలకు సంబంధించిన ఓటు అంటే ముస్లిం అనే పదం ఉన్న బిల్లు మీద ఓటు అని అందరూ అనుకుంటారు. మాకూ అదే నేర్పారు. 2019 డిసెంబరు 11న రాజ్యసభలో పౌరసత్వ సవరణ బిల్లుకు 125 మంది అనుకూలంగా, 105 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ బిల్లు పక్షాన, తెరాస వ్యతిరేకంగా. అది మాకు గుర్తుంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288, 232 ఓట్లతో గట్టెక్కింది. తెలుగుదేశం ఎటు వేసిందో అదీ గుర్తుంది. గుర్తుండాలి. కానీ గుర్తుండటానికి ఒక కారణం అక్కడ లెక్క జరగడం.

ముస్లిం అనే పదం లేకుండానే మా మీద, మాలాంటి బీదల మీద పడిన చట్టం ఒకటి ఉంది. దాని ఓటు మాకు గుర్తులేదు. అది ఎన్నికల నిబంధన.

73వ రాజ్యాంగ సవరణ తర్వాత, 1994లో, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. స్త్రీలకు మూడోవంతు సీట్లు ఇచ్చిన చట్టం. గొప్ప మాట. అందులోనే 19వ సెక్షన్, మూడో క్లాజు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పోటీకి అనర్హులు. అప్పటికే ఎక్కువమంది ఉన్నవాళ్ళకు ఒక ఏడాది వెసులుబాటు ఇచ్చారు. 1995 మే తర్వాత మూడో కాన్పు వస్తే అంతే. మునిసిపాలిటీలకూ ఇలాంటి నిబంధనే పెట్టారు. ఒక చేత్తో స్త్రీకి కుర్చీ వేసి, రెండో చేత్తో ఆమె కడుపు మీద కాపలా పెట్టారు.

పిల్లలు ఎందరుండాలన్నది మన పల్లెల్లో ఏ కోడలు ఒక్కతే నిర్ణయించుకుంటుంది? అత్త నిర్ణయిస్తుంది, మొగుడు నిర్ణయిస్తాడు, కొడుకు పుట్టలేదన్న దిగులు నిర్ణయిస్తుంది. పదవి మాత్రం ఆమెది పోతుంది. మాజీ ఐఏఎస్ అధికారి నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఫలితాలను అధ్యయనం చేశారు. భార్యను వదిలేసినవాళ్ళు, బిడ్డను దాచినవాళ్ళు, దత్తత ఇచ్చేసినవాళ్ళు, గర్భం తీయించినవాళ్ళు ఆమెకు కనిపించారు. దెబ్బ ఎక్కువ తగిలింది దళితులకు, ఆదివాసులకు, వెనుకబడిన కులాలకు, ఆడవాళ్ళకు.

ఇంతకీ ఈ నిబంధన చేసినవాళ్ళకు అది వర్తిస్తుందా? వర్తించదు. వార్డు మెంబరుకు ఇద్దరే ఉండాలి. ఎమ్మెల్యేకి ఆరుగురున్నా ఫరవాలేదు. మంత్రికి ఎనిమిది మంది ఉన్నా ఫరవాలేదు. తనకు లేని షరతును తనకంటే కిందివాడికి పెట్టే మనిషిని మా భాషలోనూ మీ భాషలోనూ ఒకటే పేరుతో పిలుస్తారు. జాలిమ్. జులుం చేసేవాడు.

హర్యానాలో ఇలాంటి నిబంధన మీదే జావేద్ కేసు నడిచింది. 2003 జులైలో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. అక్కడ కొందరు షరీయత్‌ను ముందు పెట్టి వాదించారు. ముస్లిం వ్యక్తిగత చట్టం నలుగురు భార్యలను అనుమతిస్తుంది, కాబట్టి పిల్లల మీద ఆంక్ష మత స్వేచ్ఛకు భంగం అని. అనుమతి ఉన్నంత మాత్రాన అది విధి కాదని కోర్టు కొట్టేసింది. ఆ వాదన కోర్టులో ఓడిపోవడం కంటే మాకు బయట చేసిన నష్టం ఎక్కువ. హర్యానా పల్లెల్లోని రైతు కూలీల, దళిత స్త్రీల సమస్య అంతా ముస్లింల పెళ్ళిళ్ళ సమస్య అయి కూర్చుంది. సమానత్వం మీద వాదన కూడా ఆ కేసులో ఉంది. పంచాయతీకి ఉన్న షరతు శాసనసభకు ఎందుకు లేదని అడిగారు. విధానాన్ని దశలవారీగా అమలు చేయవచ్చునని కోర్టు దాన్నీ ఒప్పుకోలేదు. కానీ ప్రజల్లో నిలబడవలసిన వాదన అదే. అది మతం వాదన కాదు, మనిషి వాదన. దాన్ని మేము వీధిలోకి తేలేదు, సెక్యులర్ మిత్రులూ తేలేదు.

హర్యానా 2006లో ఆ నిబంధన తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో తీసేసింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం అదే దారి పట్టింది. సంతోషమే. ఎందుకు తీసేశారో చూడండి. జనాభా పెరుగుదల తగ్గిపోయింది, రేపు ముసలివాళ్ళు ఎక్కువై పనిచేసేవాళ్ళు తక్కువవుతారు, పిల్లలు కావాలి. అదీ కారణం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. దేశం మొత్తం మీద ముస్లిం స్త్రీల సగటు కూడా 1992-93లో 4.4 ఉండగా ఇప్పుడు 2.4కు దిగింది. పిల్లలు ఎక్కువైనప్పుడు స్త్రీ హక్కు తీసేశారు. పిల్లలు తక్కువైనప్పుడు స్త్రీ హక్కు తిరిగి ఇచ్చారు. రెండుసార్లూ లెక్క పిల్లలదే. ముప్పయ్యేళ్ళు ఒక పేదరాలిని గ్రామ పంచాయతీ గడప బయట నిలబెట్టినందుకు తప్పయిపోయిందని మాత్రం ఎవరూ అనలేదు.

1994లో ఆ క్లాజుకు అవునన్నవాళ్ళు ఎవరు? వద్దని ఒక్కరైనా అన్నారా? అలా అన్నవాళ్ళుంటే వాళ్ళకు మేము సలాం చెప్పాలి కదా. ఎవరికి చెప్పాలి? మూజువాణికి తప్పు చేసినవాడిని దాచే శక్తి ఎంత ఉందో, ఒప్పు చేసినవాడిని దాచే శక్తి కూడా అంతే ఉంది.

*

ఇక రెండో ప్రశ్న. సభ్యుడి ఓటు ఎవరిది?

ఎమ్మెల్యేని అడిగితే ఒకటే జవాబు. 'నాదేముంది భాయ్, పార్టీ నిర్ణయం.' అతను పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు వచ్చింది. విప్‌ను కాదని ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చిన చట్టం. ఫిరాయింపులు ఆగాయా? తెలంగాణలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అధికార పార్టీలో విలీనమయ్యారు. 2024లో 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు మళ్ళీ అధికార పార్టీ వైపు వెళ్ళారు. వాళ్ళ అనర్హత పిటిషన్ల మీద మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు సభాపతికి చెప్పవలసి వచ్చింది. మొత్తం ఇల్లు మారితే దారి దొరుకుతుంది. ఒక్క బిల్లు మీద మనస్సాక్షి ప్రకారం చేయెత్తితే సభ్యత్వం పోతుంది. అమ్ముడుపోయినవాడికి తలుపు, మనసు చెప్పినట్టు నడిచినవాడికి గోడ.

విప్ అన్నిటికీ వద్దు, ప్రభుత్వం నిలబడుతుందా పడుతుందా అనే ఓటుకు మాత్రం ఉంచండి అని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూనే, విశ్వాస పరీక్షలకూ, పార్టీ ప్రజల ముందు పెట్టిన ముఖ్యమైన విధానాలకూ దాన్ని పరిమితం చేసుకోవాలన్న అర్థంలో మాట్లాడింది. పార్టీలు వినిపించుకోలేదు.

అయితే సభ్యుడి ఓటు ఓటర్లదా? ఓటర్లు చెప్పినట్టే వేయాలా? వినడానికి ఇది బాగుంటుంది. మైనారిటీగా పుట్టినవాళ్ళు ఈ మాట అనే ముందు కాస్త ఆగాలి. 2023లో తెలంగాణలోని 119 సీట్లలో ముస్లింలు గెలిచినవి 7, అన్నీ హైదరాబాదులో, అన్నీ మజ్లిస్‌వే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లోని 175లో 3, అన్నీ తెలుగుదేశానివి. మిగతా చోట్లంతా మా తరఫు సభ్యుడు మాకంటే ఎక్కువమంది ఉన్న ఇతరుల ఓట్లతో గెలిచినవాడే. అతను తన ఓటర్లలో ఎక్కువమంది కోరినట్టే నడవాలని మేము సూత్రం పెడితే, ఆ ఎక్కువమంది ఒకరోజు మాకు వ్యతిరేకంగా కోరినప్పుడు మేము ఎవరి దగ్గరికి పోవాలి?

ఎడ్మండ్ బర్క్ అనే ఆయన 1774లో బ్రిస్టల్ ఓటర్లతో తేల్చి చెప్పాడు. నా శ్రమే కాదు, నా వివేచన కూడా మీకు బాకీ. దాన్ని మీ అభిప్రాయానికి బలి ఇస్తే మీకు ద్రోహం చేసినట్టు అని. చెప్పి ఊరుకోలేదు. ఐర్లండ్ వ్యాపారానికీ, కాథలిక్కులకు ఆంక్షలు సడలించడానికీ మద్దతిచ్చాడు. బ్రిస్టల్‌కు అది నచ్చలేదు. ఆ దేశంలో కాథలిక్కులు మైనారిటీ. ఎందుకు అలా చేశాడో 1780లో అదే ఊరికి వచ్చి నిలబడి వివరించాడు. ఆ సీటు మళ్ళీ ఆయనకు దక్కలేదు. బర్క్ రాజకీయాలన్నీ మాకు నచ్చవు. కానీ ఈ ఒక్క వరస నేర్చుకోదగ్గది. ఓటు వేశాడు. అది ఎటో అందరికీ తెలిసింది. కారణం చెప్పాడు. ఫలితం అనుభవించాడు.

కాబట్టి మైనారిటీలకు కావలసింది ఓటర్ల తాకీదులు మోసే బంట్రోతు కాదు. పార్టీ తాకీదులు మోసే బంట్రోతు అంతకంటే కాదు. మనస్సాక్షి ఉన్న సభ్యుడు కావాలి. కానీ మనస్సాక్షి కనపడదు. అందరికీ ఉందనే అంటారు. అది ఉందో లేదో తెలిసేది ఖర్చు పెట్టవలసి వచ్చినప్పుడే. పేరు రాసి ఉంటేనే ఖర్చు. మూజువాణిలో ఎవరికీ ఖర్చు లేదు. అందుకే అందులో ఎవరి మనస్సాక్షీ బయటపడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది తేలికైంది కాదు. పేర్లు రాస్తే ముందు చదివేది ఓటరు కాదు, పార్టీ అధినేత. 2003లో రాజ్యసభ ఎన్నికలకు బహిరంగ ఓటు పెట్టారు. ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి. డబ్బుకు అమ్ముడుపోకుండా అన్నారు. 2006లో కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వెలుగు వచ్చింది నిజమే. కానీ దీపం పార్టీ ఏజెంటు చేతిలో ఉంది. చాటుగానైనా మనసు చెప్పినట్టు వేసే సందు కూడా పోయిందని బాధపడేవాళ్ళున్నారు.

మా జవాబు ఇది. వెలుగు ఎవరి కళ్ళకోసం అన్నదే ముఖ్యం. ఒక్క పార్టీకి మాత్రమే కనిపించే ఓటు బానిస ఓటు. ఎవరికీ కనిపించని ఓటు దొంగ ఓటు. అందరికీ కనిపించే ఓటు, విప్ భయం లేని ఓటు, ఈ రెండూ కలిస్తేనే అది ప్రతినిధి ఓటు. పేర్లు ప్రకటించి విప్‌ను అలాగే ఉంచితే పార్టీ బలపడుతుంది. విప్ తీసేసి పేర్లు దాస్తే డబ్బు బలపడుతుంది. అందుకని రెంటినీ విడదీసి అడగకూడదు.

*

మా ఉలేమాలలో కొందరు ఓటును షహాదత్ అన్నారు. అంటే సాక్ష్యం. ఫలానా మనిషి ఈ పనికి తగినవాడని మేము ఇస్తున్న సాక్ష్యం. మతం పట్టనివాళ్ళకు కూడా ఈ మాటలో ఒక సత్యం కనిపిస్తుందనుకుంటాం. సామాన్యుడి ఓటే సాక్ష్యమైతే, కోట్లమంది తరఫున చట్టసభలో వేసే ఓటు ఎంత పెద్ద సాక్ష్యం? సాక్షి పేరు లేని సాక్ష్యాన్ని ఏ ఖాజీ ఒప్పుకుంటాడు? ఏ మునసబు కోర్టు ఒప్పుకుంటుంది?

అయితే మా వైపు కూడా చూసుకోవాలి. ఎన్నికల ముందు రాత్రి మొహల్లా పెద్దల ఇంట్లో కూర్చుని మూడు వందల ఓట్లు, అయిదు వందల ఓట్లు అని మాటిచ్చే సర్దార్లు మాలో ఉన్నారు. అదీ మూజువాణే. ఆ మాటిచ్చేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళను అడగరు. దూదేకులవాళ్ళను, నూర్‌బాషాలను, ఫకీర్లను, లద్దాఫులను అడగరు. సభాపతి గొంతు విని మెజారిటీ తేల్చినట్టే, మసీదు కమిటీ తన గొంతు తానే విని 'ముస్లింలంతా' అని తేల్చేస్తుంది. సభ నుంచి లెక్క అడిగేవాళ్ళం మా ఇంట్లో లెక్క చూసుకోకపోతే మా మాటకు బరువుండదు. మేము ఒక బ్యాంకు కాదు. మేము మనుషులం. ఒకే బస్తీలో పది రకాల ఆలోచనలున్న మనుషులం.

మేము అడిగేవి నాలుగు. ఎన్నికల నిబంధనలు మార్చే ప్రతి బిల్లు మీద, ప్రభుత్వ నిర్మాణాన్ని మార్చే ప్రతి తీర్మానం మీద డివిజన్ తప్పనిసరి చేయాలి. ఒక్క సభ్యుడు కూడా అడగకపోయినా సరే. సభ్యుల పేర్లతో ఆ లెక్క తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి. ఉర్దూను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా గుర్తించాయి. బోర్డుల మీద రాయడానికేనా ఆ గుర్తింపు? మూడోది, విప్‌ను విశ్వాస పరీక్షకే పరిమితం చేయాలి. నాలుగోది, మా వాడల ఓట్లను విడివిడిగా చూపే పద్ధతి పోవాలి. ఓట్లు కలిపి లెక్కించాలి.

ఈ నాలుగింటిలో ముస్లిం అనే పదం ఒక్కచోట కూడా లేదు. కావాలనే పెట్టలేదు. ఇవి ముస్లింలకు ఇవ్వవలసిన రాయితీలు కావు. దళితవాడకు, తండాకు, బీసీ బస్తీకి, ఒంటరి ఆడమనిషికి ఎంత అవసరమో మాకూ అంతే అవసరం. అస్తిత్వం గురించి మాట్లాడే మమ్మల్ని మీ గోడలోంచి బయటికి రండి అని సెక్యులర్ మిత్రులు అంటూ ఉంటారు. ఇదిగో, వచ్చాం. నియమాల గురించి మాట్లాడుతున్నాం. ఇక్కడికి మీరు కూడా రావాలి. వక్ఫ్ గురించో తలాక్ గురించో అయితేనే మా అభిప్రాయం అడిగి, రాజ్యాంగం గురించి, ఎన్నికల నిబంధనల గురించి మమ్మల్ని అడగకపోవడం కూడా ఒక రకమైన వెలివేతే.

వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి మా గల్లీలోకి వచ్చే ప్రతి అభ్యర్థినీ, అతను మా వాడైనా సరే, టోపీ పెట్టుకుని ఇఫ్తారుకు వచ్చినవాడైనా సరే, ఒకటే అడుగుదాం. గత అయిదేళ్ళలో సభలో ఏ బిల్లుకు అవునన్నావు, దేనికి కాదన్నావు, ఎందుకు? తెలియదంటే, గుర్తులేదంటే, పార్టీని అడగండి అంటే, ఆ జవాబును రాసిపెట్టుకుందాం. తారీఖు వేసి, పేరు వేసి, ఊరందరికీ చదివి వినిపిద్దాం. మూజువాణి మా భాష మాటే. జవాబుదారీ కూడా మా భాష మాటే. మొదటి మాటను సభ ఎప్పుడో తీసుకుంది. రెండో మాటను కూడా తీసుకునేదాకా మేము అడుగుతూనే ఉంటాం.